చమురు పోసిన కెప్టెన్

మధ్యధరా సముద్రం నడుమ, ఏ రేవూ కనిపించని చోట, ఒక సరుకుల ఓడ నిలిచి ఉంటుంది. దాని పక్కన నీళ్లు చీలి ఒక జర్మన్ జలాంతర్గామి పైకి తేలుతుంది. ఓడలోని చమురు జలాంతర్గామికి మారుతుంది, ఓడ మీద వచ్చిన ఒక పెద్దమనిషి అందులోకి దిగుతాడు, ఆ తరువాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. రెక్స్ ఇంగ్రామ్ తీసిన ‘మారే నోస్ట్రుమ్’ అనే మూకీ చిత్రంలో ఈ ఘట్టం ఎక్కువసేపు ఉండదు. 1926లో విడుదలైన ఈ గూఢచారి చిత్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా జనం తలచుకునే ఘట్టాలు వేరు. నేపుల్స్ అక్వేరియంలో ఆక్టోపస్ తొట్టి ముందు జరిగే ముద్దు ఒకటి, పారిస్ పక్కనున్న వెన్సెన్‌లో తెల్లవారుజామున అమలయ్యే మరణశిక్ష మరొకటి. ఆ రెండూ గొప్ప ఘట్టాలే. అయినా ఈ చిత్రానికి ఆయువుపట్టు చమురు చేతులు మారిన ఆ కొద్ది నిమిషాల్లోనే ఉందని, యుద్ధకాలపు గూఢచారి కథలు ఎక్కువగా పక్కకు నెట్టేసే ప్రశ్నను ఈ మూకీ అక్కడే గట్టిగా పట్టుకుందని నా వాదన. తన ఓడ తాను నడుపుకుంటూ, తన లాభం తాను చూసుకుంటూ, గూఢచారికి ఒక్కసారి సాయపడిన మామూలు మనిషి ఎన్ని చావులకు పూచీ పడాలి? ఆ ప్రశ్న ఇదే.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. యులిసెస్ ఫెర్రగుట్ స్పెయిన్‌లో నావికుల వంశంలో పుట్టినవాడు. చిన్నప్పుడు పెదనాన్న చెప్పిన సముద్రపు కథలు విని, గోడ మీద ఉన్న సముద్రదేవత ఆంఫిట్రైట్ బొమ్మ చూసి, తండ్రి కోరిన న్యాయవాద వృత్తిని కాదనుకుని ఓడెక్కుతాడు. కూడబెట్టిన సొమ్మంతా పెట్టి ఒక సరుకుల ఓడ కొంటాడు. దాని పేరే మారే నోస్ట్రుమ్, అంటే ‘మన సముద్రం’. పూర్వం రోమన్లు మధ్యధరాను పిలుచుకున్న పేరు అది. భార్య పోరు మీద, కొడుకు ఎస్టెబాన్ కోసం, ఓడ అమ్మేయడానికి ఒప్పుకున్న సమయంలోనే 1914 యుద్ధం మొదలవుతుంది. రవాణా కిరాయిలు ఒక్కసారిగా పెరిగిపోవడంతో అమ్మకం ఆలోచన అటకెక్కుతుంది. ఇటలీలో పాంపే శిథిలాల మధ్య అతనికి ఫ్రేయా టాల్బర్గ్ అనే స్త్రీ కనిపిస్తుంది. ఆమె ముఖం అచ్చంగా ఆ సముద్రదేవత ముఖమే. తాను ఆస్ట్రియా గూఢచారినని ఆమె తరువాత స్వయంగా చెబుతుంది. అప్పటికి ఇటలీ యుద్ధంలో లేదు, స్పెయిన్ ఎలాగూ తటస్థ దేశం, అందువల్ల తనకేమీ అంటదని కెప్టెన్ అనుకుంటాడు. కౌంట్ కాలెడిన్ అనే మనిషిని సముద్రం మధ్యకు చేర్చి, అక్కడ జలాంతర్గామికి చమురు అందించి వస్తాడు. తండ్రిని వెతుక్కుంటూ ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన ఎస్టెబాన్, ఆయన బసలో వారం రోజులు ఎదురుచూసి, కనిపించక, ఒక బ్రిటిష్ ప్రయాణికుల నౌకలో ఇంటికి తిరుగు ప్రయాణమవుతాడు. ఆ నౌకను ముంచింది తండ్రి చమురు పోసిన జలాంతర్గామే.

నేను ఈ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు దీన్ని ప్రేమకథగానే చూశాను. ఆలిస్ టెర్రీ ముఖం మీద నుంచి దృష్టి మరల్చుకోవడం కష్టం. దర్శకుడికి ఆమె భార్య కూడా. ఇంగ్రామ్ డబ్లిన్‌లో పుట్టి అమెరికా వెళ్లి, యేల్‌లో శిల్పకళ చదువుకున్నవాడు. ఆ చదువు ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. వెలుగు ముఖం మీద ఎక్కడ ఆగాలో, చీకటి ఎక్కడి నుంచి మొదలవాలో ఉలితో గీసినట్టు తేల్చి ఉంటుంది. ఛాయాగ్రాహకుడు జాన్ ఎఫ్. సైట్జ్ ఆ తరువాత హాలీవుడ్‌లో చీకటిని చిత్రించడంలో అందెవేసిన చేయి అనిపించుకున్నాడు. అక్వేరియం ఘట్టంలో ఫ్రేయా తొట్టి ముందు నిలబడి, ఆక్టోపస్ తన ఎరను చుట్టేసి తినడాన్ని రెప్పవేయకుండా చూస్తుంది. ఆమె ముఖంలో మొదట కుతూహలం, తరువాత ఒక రకమైన ఆకలి, ఆపైన మైకం కనిపిస్తాయి. అప్పుడు ఒక్కసారిగా పక్కనున్న మగవాణ్ణి పట్టుకుని ముద్దు పెట్టుకుంటుంది. వేటాడేది ఎవరో వేట ఎవరో ఒక్క అక్షరం అవసరం లేకుండా మనకు అర్థమవుతుంది. మొదటిసారి చూసి, ఒక మాయలాడి వలలో పడిన అమాయకుడి కథ ఇది అని నేను నిశ్చయించుకోవడానికి ఈ ఘట్టమే కారణం.

ఆ అభిప్రాయాన్ని మార్చింది మా మేనమామ. ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో విశ్రాంతిగా ఉంటున్నారు. ఒక సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఓడల సినిమా కదా చూస్తారని, టీవీకి తగిలించి చూపించాను. అక్వేరియం ఘట్టం వచ్చినప్పుడు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. జలాంతర్గామి పైకి తేలగానే మాత్రం ముందుకు వంగారు. ఆ ఘట్టం అయిపోగానే నన్ను ఆపమన్నారు.

“ఎన్ని టన్నులు ఎక్కించారో చెప్పలేదేంట్రా?” అని అడిగారు.

అది కథకు ముఖ్యం కాదు కదా మామయ్యా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఓడలో చమురు ఎక్కించినా దించినా ఎలా జరుగుతుందో నాకు చెప్పడం మొదలుపెట్టారు. ముందు ట్యాంకులోకి కొసన బరువు కట్టిన కొలత టేపు దించి లోతు కొలుస్తారు. పంపు నడుస్తున్నంతసేపూ ఒకడు వాల్వు దగ్గర, ఒకడు గొట్టం కీలు దగ్గర నిలబడి ఉంటారు. పని అయ్యాక మళ్లీ కొలుస్తారు. ముందు కొలతకూ తరువాత కొలతకూ ఉన్న తేడా కాగితం మీదికి ఎక్కుతుంది, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ సంతకాలు చేస్తారు. లాగ్‌బుక్‌లో వేళ, చోటు, వాతావరణం రాస్తారు. చమురు మాయమై ఆవిరైపోయే వస్తువు కాదు, ఎక్కడికి పోయిందో ఎవరో ఒకరు రాయాల్సిందేనని ఆయన అన్నారు. “మరి ఆ రాత్రి ఈ కెప్టెన్ లాగ్‌బుక్‌లో ఏం రాసుకున్నట్టు? అబద్ధం రాసుండాలి. ఓడలో వాళ్లందరూ చూశారు, వాళ్లందరి చేతా నోరు మూయించుండాలి. దాన్ని ప్రేమ అనరురా, అది లెక్క తెలిసి చేసిన పని.”

ఆయన మాట విన్నాక ఆ ఘట్టాన్ని నేను పాత కళ్లతో చూడలేకపోయాను. చమురు ఎక్కించడం ఒక్క క్షణంలో, ఒంటరిగా, మైకంలో చేసే పని కాదు. దానికి వేళ పడుతుంది, మనుషులు కావాలి, ప్రతి దశలోనూ ‘ఇక ఆపండి’ అనడానికి కెప్టెన్‌కు అవకాశం ఉంటుంది. ఫ్రేయా అతణ్ణి మోసం చేయలేదన్న సంగతిని నేను మొదటిసారి పట్టించుకోలేదు. తానెవరో ఆమె ముందే చెప్పింది. ఆమె చెప్పిన తరువాతే అతను ఒప్పుకున్నాడు. ఇది మోసపోయినవాడి కథ అయ్యుంటే, నిజం బయటపడిన క్షణం కథకు శిఖరం అయ్యేది. ఈ చిత్రంలో నిజం కథ మధ్యలోనే తేటతెల్లమవుతుంది. అందువల్ల ప్రేక్షకుడు చూడవలసింది రహస్యం ఏమిటన్నది కాదు, రహస్యం తెలిసిన మనిషి ఏం చేశాడన్నది.

ఇక్కడే మూకీకి ఉన్న బలం అక్కరకు వచ్చిందని నేను నమ్ముతాను. ధ్వని లేకపోవడాన్ని ఒక కొరతగా, టాకీ వచ్చాక తీరిన లోటుగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఈ కథనే పది సంవత్సరాల తరువాత టాకీగా తీసి ఉంటే, యులిసెస్ చేత తప్పకుండా మాట్లాడించి ఉండేవారు. నాకు తెలియదు, నేను యుద్ధంలో లేను, నా దేశం ఎవరి పక్షమూ కాదు, నేను పోయకపోతే ఇంకొకడు పోసేవాడు అని అతను సాకులు వరస పెట్టేవాడు. ఆ గొంతులో వణుకు పుట్టించి, వయొలిన్ జోడించి, మన చేత అతణ్ణి క్షమింపజేసేవారు. మూకీలో ఆ వీలు లేదు. మాటలు రాసి బొమ్మల మధ్య తెర మీద చూపే కార్డు నాలుగు ముక్కలకు మించి మోయలేదు. మన దేశంలో మూకీల రోజుల్లో కొన్నిచోట్ల హాలులో ఒకాయన నిలబడి ఆ కార్డుల మీది మాటలను జనానికి చదివి వినిపించేవాడు. ఎంత వివరంగా చదివినా కార్డులో లేని సాకును పాత్ర నోట పెట్టడం అతనికీ కుదిరేది కాదు. కార్డు తొలగిపోయాక మిగిలేది ముఖమూ, చేతులూ, చేసిన పనీ. సమర్థించుకునే మాటలు వినిపించనప్పుడు మనిషి తాను చేసిన పనికి చాలా దగ్గరగా నిలబడి కనిపిస్తాడు. కొడుకు చావు వార్త అతనికి చేరే ఘట్టంలో, ఆ నౌకలో నుంచి బతికి బయటపడిన మనిషి చెప్పేది మనకు వినిపించదు. వింటున్నవాడి ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఆంటోనియో మొరేనో అక్కడ చేసినది చాలా తక్కువ. వార్త దుఃఖంగా మారడానికి ముందు ఒక లెక్క అతని తలలో పూర్తవుతున్నట్టు ఉంటుంది. ఏ జలాంతర్గామి, ఎవరి చమురు, ఏ రోజు అన్న లెక్క అది. మామయ్య అడిగిన టన్నుల లెక్క చివరికి తేలేది అక్కడే.

చిత్రంలో ఆ జలాంతర్గామి సంఖ్య యు-35. ఈ సంఖ్య కల్పితం కాదు, అందుకే దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. నిజమైన యు-35 మొదటి ప్రపంచయుద్ధంలో మధ్యధరాను గడగడలాడించిన జలాంతర్గామి. దాని కెప్టెన్లలో ఒకడైన లోథార్ ఫాన్ ఆర్నో ద లా పెరియేర్ ఆ యుద్ధంలో 194 ఓడలను ముంచాడు. ఏ యుద్ధంలోనూ మరే జలాంతర్గామి కెప్టెన్ అన్ని ఓడలను ముంచలేదు. వాటిలో ఎక్కువ భాగం వర్తక ఓడలు. వాటిని ఆపి, నావికులను పడవల్లోకి దిగనిచ్చి, ఆ తరువాత డెక్కు మీది ఫిరంగితో ముంచడం అతని పద్ధతి. సైనికులను మోసుకుపోతున్న ఓడల విషయంలో ఆ పద్ధతి లేదు. 1916 అక్టోబరులో గ్రీసులోని సలోనికా రేవు వైపు వెళ్తున్న ఫ్రెంచి ఓడ గాలియాను టార్పెడోతో కొట్టినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో ఈ యు-35 పట్టపగలే స్పెయిన్‌లోని కార్తాహేనా రేవుకు వచ్చింది. జర్మన్ చక్రవర్తి స్పెయిన్ రాజుకు రాసిన లేఖను తెచ్చానని చెప్పింది. తటస్థ దేశపు రేవులో శత్రు జలాంతర్గామి లంగరు వేసుకోవడం చూసి మిత్రపక్షాలు మండిపడ్డాయి. స్పెయిన్ తీరంలో ఎవరో జర్మన్ జలాంతర్గాములకు చమురు అందిస్తున్నారన్న అనుమానం యుద్ధమంతా వారిని వెంటాడింది. వాలెన్సియాకు చెందిన రచయిత బ్లాస్కో ఇబానెజ్ 1918లో ప్రచురించిన నవలకు, దాని నుంచి వచ్చిన ఈ చిత్రానికి పుట్టుక ఆ అనుమానంలోనే ఉంది.

చరిత్రను నిక్కచ్చిగా చూసేవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు, అది సరైన అభ్యంతరమే. యు-35 వంటి జలాంతర్గాములు ఆస్ట్రియా-హంగరీ చేతిలో ఉన్న పోలా, కట్టారో రేవుల నుంచి బయలుదేరేవి. నీటిపైన నెమ్మదిగా నడిస్తే ఒకసారి నింపుకున్న చమురుతో 8,000 నాటికల్ మైళ్లకు పైగా వెళ్లగలవు. సముద్రం మధ్యలో ఒక స్పెయిన్ కెప్టెన్ దయ మీద ఆధారపడవలసిన అవసరం వాటికి లేదు. కాబట్టి చిత్రానికి కీలకమైన ఘట్టం యుద్ధతంత్రం దృష్టితో చూస్తే నిలవదు. దీన్ని నేను కాదనను. అయితే ఈ ఘట్టం నిలబడేది తంత్రం మీద కాదు. యుద్ధం తన ఇంధనాన్ని ఎప్పుడూ ఎవరి దగ్గర నుంచో తీసుకుంటూనే ఉంది, ఇచ్చినవాళ్లలో యుద్ధంతో సంబంధం లేదనుకున్నవాళ్లు ఉంటూనే ఉన్నారు.

దీనికి ఉదాహరణ కోసం మధ్యధరా దాకా వెళ్లనక్కర్లేదు, మన బంగాళాఖాతంలోనే ఉంది. 1914 సెప్టెంబరు 10న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ సముద్రంలో మొట్టమొదట పట్టుకున్నది పొంటోపోరోస్ అనే గ్రీకు బొగ్గు ఓడను. గ్రీసు అప్పటికి తటస్థ దేశం. ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ ఆ ఓడను ముంచలేదు. ఓడలోని వాళ్లకు జీతం ఇస్తానని మాట్లాడుకుని, దాన్ని తన కొలువులోకి తీసుకున్నాడు. బ్రిటిష్ వారి కోసం మోస్తున్న బొగ్గు జర్మన్ల చేతికి వచ్చింది. పన్నెండు రోజుల తరువాత, సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్ల వర్షం కురిపించింది. ఆ మంటలు చూసి జనం నగరం వదిలి పల్లెలకు పరుగులు తీశారు. అప్పటికి మద్రాసు తెలుగువాళ్లకూ రాజధాని. రఘుపతి వెంకయ్య వంటివారు అక్కడే సినిమా ప్రదర్శనలు వేస్తూ, థియేటర్లు కడుతూ తెలుగు సినిమాకు పునాది వేస్తున్న రోజులవి. మద్రాసు మీద గుండ్లు పడిన సంగతి మన పెద్దవాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆ గుండ్లు పేల్చిన ఓడకు బొగ్గు మోయడానికి ఒప్పుకున్న గ్రీకు నావికుల సంగతి ఎవరూ చెప్పుకోలేదు. వాళ్లకు వేరే దారి ఏముంది, ఫిరంగుల ఎదుట ఎవరు మాత్రం కాదంటారు అని అడగవచ్చు. నిజమే. అందుకే యులిసెస్ కథ వాళ్ల కథ కన్నా కఠినమైనది. అతని మీద ఎవరూ ఫిరంగి ఎక్కుపెట్టలేదు.

చిత్రంలో నాకు నచ్చనివీ ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. జర్మన్ల చిత్రణ ముతకగా ఉంది. జలాంతర్గామి కెప్టెన్‌ను రాక్షసుడిలా చూపించారు. డాక్టర్ ఫెడెల్మాన్ అనే పెద్ద గూఢచారిణి పాత్రలో మనిషి అన్న జాడే లేకుండా చేశారు. నిజమైన యు-35 కెప్టెన్ రాక్షసుడు కాకపోవడమే ఆ యుద్ధంలోని అసలు భయానకం. మర్యాదస్తుడైన అధికారి, నియమం తప్పకుండా, ఒక్కొక్కటిగా 194 ఓడలను సముద్రం అడుగుకు పంపాడు. ఆ సంగతిని చూపించగలిగే శక్తి ఇంగ్రామ్‌కు ఉంది, చూపించలేదు. పైగా చిత్రం వచ్చిన కాలం చూడండి. 1925 చివర్లో లొకార్నో ఒప్పందాలతో ఫ్రాన్సు, జర్మనీ చేతులు కలిపాయి. ఈ చిత్రాన్ని విడుదల చేసిన ఎం.జి.ఎం. సంస్థే అదే డిసెంబరులో జర్మనీకి చెందిన ఉఫా చిత్రసంస్థతో వ్యాపార ఒప్పందం చేసుకుంది. 1926 సెప్టెంబరులో జర్మనీ నానాజాతి సమితిలో చేరింది. అటువంటి ఏడాదిలో, ఎనిమిదేళ్ల నాటి యుద్ధప్రచారపు బొమ్మలను అలాగే తెర మీదికి ఎక్కించడం వెనకచూపే అవుతుంది. ఇంగ్రామ్ సొంత తమ్ముడు ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో పోరాడి వచ్చినవాడు కాబట్టి ఆ కసి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. కారణం తెలిసినంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు.

ఇంకొక ఫిర్యాదు దీనికన్నా పెద్దది. అయితే దాని గురించి ఎంత ఆలోచిస్తే అంత తడబడుతున్నాను.

ప్రయాణికుల నౌక మునిగిందని విన్నాక ఫ్రేయా పశ్చాత్తాపంతో కెప్టెన్‌కు ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఫెడెల్మాన్ చేతికి చిక్కుతుంది. మనసు మెత్తబడిన గూఢచారి ఇక పనికిరాదని తేల్చి, ఆమెను ఫ్రెంచివారికి పట్టించే ఉద్దేశంతోనే మార్సెయికి పంపుతారు. అక్కడ యులిసెస్ కనిపించినప్పుడు, నీ ఓడలో నన్ను తీసుకుపొమ్మని ఆమె కాళ్లావేళ్లా పడుతుంది. అతను ఊగిసలాడతాడు. చనిపోయిన కొడుకు రూపం కళ్ల ముందు నిలిచి వద్దన్నట్టు తల ఊపుతుంది. అతను ఆమెను వదిలేసి వెళ్లిపోతాడు. తరువాత ఆమె పట్టుబడుతుంది, విచారణ జరుగుతుంది, వెన్సెన్‌లో తుపాకీ దళం ముందు నిలబడుతుంది. జర్మనీ గూఢచారిణి అన్న నేరం మీద నర్తకి మాతా హరిని 1917 అక్టోబరు 15న కాల్చి చంపింది అక్కడే. ఆ జ్ఞాపకం మీదే ఈ ఘట్టాన్ని కట్టారన్నది స్పష్టం. తనకున్న మేలైన దుస్తులు, నగలు ధరించి ఆమె సైనికుల వరసల మధ్య నడుచుకుంటూ వెళ్తుంది. అయిదేళ్ల తరువాత, 1931లో, హాలీవుడ్ ఇద్దరు పెద్ద తారలను గూఢచారిణులుగా పెట్టి ఇటువంటి ముగింపులనే చూపించింది. అవి అందంగా ఉంటాయి, అందం కోసమే ఉంటాయి. ఇక్కడ మాత్రం ఒక ప్రభుత్వం ఉదయాన్నే పూర్తిచేయవలసిన పనిని పూర్తిచేస్తున్నట్టు ఉంటుంది. తెల్లవారుజాము, వరసగా నిలిచిన మనుషులు, వాళ్ల మధ్య నడుస్తున్న ఒక స్త్రీ. తుపాకుల మోత మనకు వినిపించదు. ఆలిస్ టెర్రీ పుట్టిన ఊరు ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్. ఫ్రాన్సులోని ఆ ఊరి పేరుకూ దీనికీ ఇంగ్లీషు అక్షరాలు ఒకటే, పలకడమే వేరు. ఈ సంగతికి కథతో ఏ సంబంధమూ లేదని తెలిసినా, ఆ నడక చూసిన ప్రతిసారీ నాకు గుర్తుకు వస్తుంది.

ఫ్రేయా చేసినదానికి న్యాయస్థానం ఉంది, శిక్ష ఉంది, అమలుచేసే తుపాకులు ఉన్నాయి. మరి చమురు పోసిన కెప్టెన్‌కో? అతణ్ణి ఎవరూ అరెస్టు చేయరు. తటస్థ దేశపు పౌరుడు, తన సొంత ఓడ, అంతర్జాతీయ జలాలు, సాక్ష్యం సముద్రంలో కలిసిపోయింది. అతను తన ఓడను మిత్రపక్షాలకు అప్పగించి, డెక్కు మీద ఫిరంగి పెట్టించుకుని, ఫ్రెంచి నావికులతో సలోనికాకు మందుగుండు మోసుకుపోతాడు. దారిలో యు-35 ఎదురవుతుంది. టార్పెడో తగిలి ఓడ మునుగుతుండగా, ఫిరంగి దగ్గరి వాళ్లు పడిపోగా, అతనే ఫిరంగి పేల్చి జలాంతర్గామిని ముంచి తానూ మునిగిపోతాడు. సముద్రం అడుగు నుంచి ఆంఫిట్రైట్ లేచి వచ్చి అతణ్ణి కౌగిలించుకుంటుంది. స్త్రీకి గోడ ముందు తూటాలు, మగవాడికి దేవత ఒడి. చాలాకాలం నాకు ఇది క్షమించరాని అన్యాయంగా తోచింది. చిత్రం తన ప్రశ్నకు తానే భయపడి, చివరికి వీరమరణం అనే పాత ముగింపు చాటున దాక్కుందని అనుకున్నాను. ఇప్పటికీ ఆ భావం పూర్తిగా పోలేదు.

మామయ్యతో కలిసి చూసిన రోజున మాత్రం ఆ ముగింపులో నేను అంతకుముందు గమనించని సంగతి ఒకటి కనబడింది. నీళ్లలో అతణ్ణి కౌగిలించుకునే దేవత ముఖం ఫ్రేయా ముఖం. బొమ్మలోని దేవత, పాంపేలో కనిపించిన స్త్రీ ఒకటేనని చిత్రం మొదటినుంచీ చెబుతూనే ఉంది, కనుక ఇది కొత్త విషయం కాదు. అయితే ఆ ముఖాన్ని మనం అంతకుముందు చూసింది తుపాకుల ఎదుట. తన ఓడలో చోటివ్వమని ఆమె అడిగినప్పుడు అతను కాదన్నాడు. ఇప్పుడు ఆ ఓడే అతని కిందినుంచి జారిపోతోంది. ఇది బహుమానమా, లేక ఎక్కడికి పోయినా తప్పించుకోలేని ముఖమా అన్నది ఏ కార్డూ చెప్పదు. టాకీ అయితే ఆమె చేత ఏదో ఒకటి అనిపించేవారు. ఇక్కడ నోరు విప్పకుండానే ఆమె అతణ్ణి తీసుకుపోతుంది. కెమెరా ఆ ముఖం మీద నుంచి కదిలేదాకా నేను ఆమె కళ్లను వెతుకుతూనే ఉన్నాను.

సినిమా అయ్యాక మామయ్య చాలాసేపు ఏమీ అనలేదు. అత్తయ్య భోజనాలకు పిలిచింది. చేతులు కడుక్కుంటూ ఆయన, మునిగిపోతున్న ఓడను వదిలేటప్పుడు కెప్టెన్ లాగ్‌బుక్‌ను వెంట తీసుకుపోవాలని తమకు నేర్పేవారని, ఈ కెప్టెన్ దాని జోలికే పోలేదని అన్నారు. నేను దానికి జవాబు చెప్పలేదు. ఆ రాత్రి కూర్చుని, నిజమైన యు-35 చివరికి ఏమైందో చదివాను. దాన్ని ఎవరూ ముంచలేదు. యుద్ధం ముగిసిన రెండు వారాలకు, 1918 నవంబరు 26న, అది దానంతట అదే ఒక తటస్థ రేవుకు వచ్చి లొంగిపోయింది. ఆ రేవు బార్సెలోనా. కథలో యులిసెస్ ఇల్లు అక్కడే ఉంది, ఎస్టెబాన్ నౌకెక్కి తిరిగి వెళ్దామనుకున్నదీ అక్కడికే.